తిరుపతిని ముంచిన వాయుగుండానికి కన్నూ లేదు, పేరూ లేదు

2021 నవంబరు 18వ తేదీ రాత్రి, కార్తీక పౌర్ణమి ఘడియల్లో, తిరుపతిలో మా ఇంటి మేడమెట్లలో మూడో మెట్టు మునిగేదాకా నీళ్లు వచ్చాయి. కరెంటు అప్పటికే పోయింది. పక్క వాటాలో ఉండే పెద్దాయన టార్చిలైటు పట్టుకొని మెట్ల మీద కూర్చుని, నీరు నాలుగో మెట్టు ఎక్కుతుందేమోనని చూస్తూ, "దీనికేం పేరు పెట్టినారు సామీ?" అని అడిగారు. పేరేమీ లేదని చెబితే నమ్మలేదు. తిరుమల ఘాట్ రోడ్లను మూయించి, కపిలతీర్థంలో బురదనీటిని జలపాతంగా దూకించి, సగం ఊరిని చీకట్లో కూర్చోబెట్టిన దానికి పేరే లేకపోవడమేమిటన్నది ఆయన సందేహం. ఆ సందేహం చాలా సబబైనది. దానికి జవాబు చెప్పాలంటే తుఫాను అనే యంత్రాన్ని మొత్తం విప్పి చూడాల్సి వస్తుంది.

మర్నాడు తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటిన ఆ సుడి, వాతావరణ శాఖ లెక్కలో వాయుగుండం మాత్రమే. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటే తప్ప దాన్ని తుఫాను అనరు, తుఫాను కానిదానికి పేరు పెట్టరు, తుఫానుగా మారాక కూడా ఎంతో బలపడితే తప్ప ఉపగ్రహ చిత్రంలో నడుమ మేఘాల్లేని కన్ను స్పష్టంగా కనబడదు. తుఫాను వార్త రాగానే టీవీలోనూ ఫోనులోనూ మనం వెతుక్కునేవి మూడు: దాని పేరు, దాని కన్ను, అది తీరం దాటే చోటు. మొదటి రెండూ పూర్తిగా గాలి బలాన్ని చెప్పే గుర్తులు, మూడోది సముద్రం ఒడ్డున ఉన్నవారికి ముందుగా తెలియాల్సిన సంగతి. తీరానికి ఎనభై, తొంభై కిలోమీటర్ల లోపల, శేషాచలం కొండల పాదాన ఉన్న మనకు వచ్చే ముప్పు మాత్రం ఎక్కువగా నీటిది.

ఇడ్లీ పాత్ర మూత తీస్తూ ఒక్కసారైనా చెయ్యి కాల్చుకోని ఇల్లు ఉండదు. మరిగే నీటి చుక్క మీద పడితే చురుక్కుమంటుంది, అదే ఆవిరి తగిలితే బొబ్బ లేస్తుంది. రెండింటి ఉష్ణోగ్రతా నూరు డిగ్రీల దగ్గరే ఉన్నప్పుడు ఆవిరికి ఆ అదనపు వాత ఎక్కడిది? లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే నీటినంతా ఆవిరి చేయడానికి దానికి దాదాపు ఏడెనిమిది రెట్లు కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాగి ఉంటుంది. ఆవిరి చర్మానికి తగిలి మళ్లీ నీరుగా మారిన క్షణాన అదంతా ఒక్కసారి బయటపడుతుంది. దీన్ని గుప్తోష్ణం అంటారు, తుఫానుకు ఇంధనం ఇదే. సముద్రం మీద నీరు మరగనక్కరలేదు, ఎండకు మెల్లగా ఆవిరైనా చాలు. ఆ ఆవిరి గాలితో పాటు పైకి లేచి, పై చలికి మేఘంగా చిక్కబడినప్పుడు తనలో దాచుకున్న వేడినంతా చుట్టుపక్కల గాలికి ఇచ్చేస్తుంది. వేడెక్కిన గాలి తేలికై ఇంకా పైకి పోతుంది, కింద ఒత్తిడి తగ్గుతుంది, తగ్గిన చోటికి నలువైపుల నుంచీ తేమగాలి పరుగున వస్తుంది, అది మళ్లీ లేచి మళ్లీ చిక్కబడుతుంది. ఈ గొలుసు తెగకుండా సాగినంత కాలం వ్యవస్థ బలపడుతూనే ఉంటుంది. బులెటిన్లలో మొదట వినబడే ఉపరితల ఆవర్తనం, తర్వాత వచ్చే అల్పపీడనం ఈ గొలుసులోని తొలి కొక్కేలు.

గొలుసు మొదలవడానికి సముద్రపు పైనీరు కనీసం 26.5 డిగ్రీల వెచ్చదనంతో ఉండాలి. ఆ వెచ్చదనం పైపొరకే పరిమితమైతే చాలదు, సుమారు 50 మీటర్ల లోతు దాకా ఉండాలి, ఎందుకంటే గాలి బలపడే కొద్దీ అలలు అడుగునీటిని పైకి కలుపుతాయి, అడుగున చల్లటి నీరుంటే తుఫాను తన పొయ్యిని తానే ఆర్పుకుంటుంది. బంగాళాఖాతం ఈ విషయంలో ప్రత్యేకమైనది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కనుక పైన పొరలా తేలుతుంది, కింది నీటితో అంత సులువుగా కలవదు. పైపొర వెచ్చదనం పైపొరలోనే నిలిచిపోతుంది. మనం నదుల్ని పంటకు, తాగునీటికి తలుచుకుంటాం కానీ, సముద్రంలో కలిశాక కూడా అవి మన వాతావరణాన్ని తీర్చిదిద్దుతూనే ఉంటాయి.

మరి జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం వెచ్చగానే ఉంటుంది, తేమకూ కొదవ ఉండదు, అయినా పెద్ద తుఫానులు ఏప్రిల్, మే నెలల్లోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే ఎందుకొస్తాయి? గాలి కదలని గదిలో అగరువత్తి పొగ నిటారుగా లేస్తుంది, ఫ్యాను వేస్తే చెదిరిపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింద పడమటి గాలులు బలంగా వీస్తుంటే, పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు గాలులు అంతకన్నా వేగంగా ఎదురు వీస్తుంటాయి. పైకి లేచే వేడి ఒకే స్తంభంగా నిలవలేక పక్కకు వాలిపోతుంది, గొలుసు తెగుతుంది. రుతుపవనాలు మళ్లే వేళకు ఈ ఎదురుగాలులు సద్దుమణుగుతాయి. దసరా నుంచి సంక్రాంతి నెల పట్టేదాకా మన జిల్లాల వాళ్లు ఆకాశం చూసి అడుగు బయటపెట్టడం అందుకే.

ఇక సుడి తిరగడం. భూమధ్యరేఖ దగ్గర నేల, భూభ్రమణం వల్ల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతుంటుంది. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మన నేల వేగం గంటకు 1,620 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి వీచే గాలి ఆ ఎక్కువ వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది, అందువల్ల నేల కన్నా ముందుకు, అంటే తూర్పుకు, తన కుడికి ఒరుగుతుంది. ఉత్తరం నుంచి వచ్చేది వెనకబడి పడమరకు, అదీ తన కుడికే ఒరుగుతుంది. నాలుగు వైపుల నుంచీ అల్పపీడన కేంద్రానికి గురిపెట్టి వచ్చిన గాలులన్నీ ఇలా కుడికి తప్పిపోవడంతో కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుడు మొదలవుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరగా ఈ ఒరుగుడు దాదాపు ఉండదు, అందుకే ఐదు డిగ్రీల అక్షాంశం లోపల తుఫాను పుట్టడం చాలా అరుదు.

తాడు కొసకు రాయి కట్టి గిరగిరా తిప్పుతూ, ఆ తాడును వేలికి చుట్టుకోనిచ్చి చూడండి. తాడు పొట్టిదయ్యే కొద్దీ రాయి తిరిగే వేగం పెరుగుతుంది. కేంద్రానికి దగ్గరయ్యే గాలికీ అదే జరుగుతుంది. నీటిలో సుడిని గుండం అని పిలిచే మన భాష, గాలిలో సుడికి వాయుగుండం అని పేరు పెట్టుకుంది. చూసిన దాన్ని చూసినట్టు చెప్పే ఇంత చక్కటి మాట శాస్త్ర పరిభాషలో అరుదుగా దొరుకుతుంది. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను, 222 దాటితే సూపర్ సైక్లోన్. మధ్యలో మరో మెట్టు ఉన్నా మన చర్చకు ఇవి చాలు. ఈ నిచ్చెన మొత్తం మీద వాన అనే మాట ఎక్కడా లేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

కన్ను సంగతికి వద్దాం. కుండలో పెరుగును కవ్వంతో జోరుగా చిలికి ఆపితే, మజ్జిగ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అంచుల దగ్గర పైకెక్కి నడుమ గుంట పడుతుంది. తిరిగే ప్రతిదీ బయటికి విసురుకుపోవాలని చూస్తుంది. తుఫానులో గాలిని లోపలికి లాగేది కేంద్రంలోని తక్కువ ఒత్తిడి, బయటికి విసిరేది దాని తిరుగుడు. కేంద్రానికి చేరువయ్యే కొద్దీ వేగం పెరిగి పెరిగి, ఒక దూరంలో విసురూ లాగుడూ సరిసమానమైపోతాయి. అక్కడి నుంచి గాలి ఇంకా లోపలికి పోలేదు. వెనక నుంచి తోసుకొచ్చే గాలి ఆగదు కనుక, మిగిలిన దారి పైకే. అలా కేంద్రం చుట్టూ ఒక వలయంలో గాలి నిలువునా లేస్తుంది, ఆ వలయమే పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న మేఘాల గోడ అవుతుంది. తుఫానులో అత్యంత భీకరమైన గాలీ వానా ఈ గోడలోనే ఉంటాయి.

గోడ శిఖరానికి చేరిన గాలిలో ఎక్కువ భాగం బయటివైపు విచ్చుకుని వెళ్లిపోతుంది. ఉపగ్రహ చిత్రంలో తెల్లటి పొగ తల జుట్టులా విరజిమ్మినట్టు కనిపించేది అదే. కొంత గాలి మాత్రం లోపలివైపు తిరిగి కేంద్రంలోకి దిగుతుంది. సైకిల్ పంపు కొడితే గొట్టం వేడెక్కినట్టు, కిందికి దిగే గాలి నలిగి వేడెక్కుతుంది, కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీలు పెరిగేంతగా. వేడెక్కిన గాలిలో మేఘం నిలవదు, నీటి బిందువులు ఆవిరైపోతాయి. అందుకే గోడ నడుమ ఆకాశం తేటపడుతుంది. సాధారణంగా 30 నుంచి 60 కిలోమీటర్ల వ్యాసం ఉండే ఈ తేట ప్రాంతమే తుఫాను కన్ను. కేంద్రంలో గాలి వెచ్చబడటం వల్ల అక్కడి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, దానివల్ల గోడ ఇంకా బలపడుతుంది. కన్ను స్పష్టంగా తెరుచుకుందంటే ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఊతమవుతున్నాయని అర్థం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా దాటినప్పుడు నగరవాసులు ఈ కన్ను కింద నిలబడ్డారు. చెట్లను వేళ్లతో పెకలించిన గాలి హఠాత్తుగా ఆగిపోవడం, అంతా అయిపోయిందనుకుంటుండగా ఎదురు దిక్కు నుంచి అంతే ఉధృతంగా మళ్లీ మొదలవడం కన్ను కింది అనుభవం. గోడలో ఒక వైపు దాటిపోయింది, రెండో వైపు ఇంకా రావాల్సి ఉంది. ఈ కారణం తెలియక, నిశ్శబ్దాన్ని చూసి బయటికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రపంచంలో ప్రతి తుఫాను తీరంలోనూ ఉన్నారు.

వాయుగుండంలో తిరుగుడు వేగం చాలదు. విసురు బలహీనం, గోడ కట్టుకోదు, కన్ను తెరుచుకోదు. కానీ తేమగాలి లోపలికి రావడం, లేవడం, చిక్కబడటం, కురవడం మాత్రం యథావిధిగా జరుగుతూనే ఉంటాయి. 2021 నవంబరులో మా మెట్ల మీదికి వచ్చిన నీటి రహస్యం ఇదే. 2015 డిసెంబరు తొలి రోజుల్లో చెన్నైని ముంచిన వాన కూడా పేరున్న తుఫాను తెచ్చినది కాదు.

తుఫాను గుండ్రంగా తిరిగే గాలి అన్న అవగాహన మన బంగాళాఖాతం ఒడ్డునే గట్టిపడింది. 1840ల్లో కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆంగ్లేయుడు, తుఫానుల్లో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను పోగుచేసి, ఏ ఓడకు ఏ గంటకు ఏ దిక్కు గాలి తగిలిందో పోల్చి చూసి, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పదాన్ని తయారుచేశాడు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అయినా నూరేళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేల మందిని బలిగొంది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన ఆ నీటిగోడకు ఎక్కువ కారణం తీరం వైపు నీటిని తోసిన గాలి, లోతు తక్కువైన మన సముద్రం. ఆ రోజుల్లో హెచ్చరిక రేడియో దాకా వచ్చినా, లంక గ్రామాల గడప దాకా వెళ్లే దారి లేదు. సరిగ్గా అదే తేదీన 2021లో మన వాయుగుండం తీరం దాటింది. తేదీ కలవడం యాదృచ్ఛికమే, అయినా ఆ రెండు నవంబరు 19ల మధ్య మారినది ఏమిటో చెప్పుకోవడం అవసరం.

మారినది చూపు. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున, మన దేశం మీద కదలకుండా నిలిచినట్టుండే ఇన్శాట్ ఉపగ్రహాలు పావుగంటకో, అరగంటకో ఒక చిత్రం పంపుతాయి. వాటిలో ఇన్శాట్-3డీఆర్ 2016లో, ఇన్శాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే ఎగిరాయి. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో భాగం, అంటే మన మీదికి వచ్చే తుఫానును చూసే కళ్లు మన జిల్లా ఒడ్డు నుంచే పైకి లేచాయి. రాత్రిపూట కూడా పనిచేసే పరారుణ చిత్రంలో మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తు పెరిగినట్టు. సున్నాకు డెబ్బై ఎనభై డిగ్రీలు దిగువన ఉన్న గోడ నడుమ ఒక్క వెచ్చని చుక్క కనబడితే, అదే కన్ను.

ఆ చిత్రం చూసి గాలి వేగం ఎంతో చెప్పే పద్ధతిని 1970ల్లో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ రూపొందించాడు. మేఘపు మెలిక ఎంత చుట్టుకుంది, నడిమి మేఘం ఎంత దట్టంగా ఉంది, కన్ను ఎంత తేటగా, దాని గోడ ఎంత చల్లగా ఉంది అన్నవాటిని బట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా, అర చొప్పున పెరిగే ఒక అంకె ఇస్తారు. మన దగ్గర 1.5 వస్తే వాయుగుండం, 2.5 వస్తే తుఫాను. నాడి పట్టి జ్వరం చెప్పడం లాంటి విద్య ఇది, అనుభవమున్న కన్నే కావాలి. అమెరికాలో హరికేన్ లోపలికి విమానాలు పంపి కొలుస్తారు. మన తీరంలో అలాంటి విమానాలు మామూలుగా ఎగరవు కనుక ఈ అంకెకు ఇక్కడ విలువ ఎక్కువ. దీనికి తోడు సముద్రంలో లంగరేసిన, బోయలనే తేలే పరికరాలు ఒత్తిడిని, నీటి వేడిని కొలిచి పంపుతాయి. 2022 నవంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-3, అలల గరుకుదనాన్ని రాడార్ కిరణాలతో తడిమి గాలి దిక్కునూ వేగాన్నీ చెబుతుంది.

తీరానికి నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నం, విశాఖల్లోని డాప్లర్ రాడార్లు అందుకుంటాయి. రేణిగుంట స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత, దగ్గరవుతున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం ఎవరైనా గమనించే ఉంటారు. వానచుక్కకు తగిలి తిరిగొచ్చిన రాడార్ తరంగంలోనూ అదే తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి చుక్క మన వైపు వస్తోందో దూరంగా పోతోందో, ఎంత వేగంతోనో లెక్క తేలుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల నాలుగు వందల కిలోమీటర్ల దూరానికి కిరణం పది కిలోమీటర్ల పైకి లేచిపోయి ఉంటుంది కనుక, రాడార్ చూపు తుఫాను దగ్గరయ్యే కొద్దీ నిజమవుతుంది.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేవారికి గాదంకి టోల్‌గేటు తెలుసు. ఆ దగ్గరలోనే, కొండల నడుమ, అంతరిక్ష విభాగం కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న చదును నేల మీద 1,024 యాంటెనాలు, చేలో నాటిన కర్రల్లా వరుసలు తీరి ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. ఈ రాడార్ తుఫాను దారిని వెతికేది కాదు, తన నెత్తి మీద ఉన్న గాలి ఏ ఎత్తున ఎటు వీస్తోందో, ఎంత వేగంతో లేస్తోందో దిగుతోందో నిలువునా కొలిచేది. వానచుక్కలు లేకపోయినా గాలిలోని చిన్న చిన్న కదలికల నుంచే అది ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. తుఫాను శేషాల్లో గాలి ఎలా లేచి ఎలా దిగుతుందన్న పరిశోధనకు ఇలాంటి పరికరం మన జిల్లాలో ఉండటం, మన పిల్లలకు గట్టిగా చెప్పవలసిన సంగతి.

ఇన్ని చూపులు కలిసినా భవిష్యత్తు గీతగా తేలదు. తుఫాను తన కాళ్ల మీద నడిచేది కాదు, చుట్టూ ఉన్న విశాలమైన గాలి ప్రవాహంలో ఆకులా కొట్టుకుపోయేది. ఉత్తరాన ఉన్న అధికపీడనం దాన్ని పడమరకు, మన తీరం వైపు తోస్తుంది. ఆ పీడనం అంచు దొరికితే ఉత్తరానికి, ఈశాన్యానికి మళ్లి బంగ్లాదేశ్, మయన్మార్ వైపు పోతుంది. రెండు ప్రవాహాల మధ్య చిక్కితే కదలక నిలబడిపోతుంది. వాతావరణ శాఖ విడుదల చేసే పటంలో దారి గీతకు అటూ ఇటూ రోజురోజుకూ వెడల్పయ్యే గరాటు ఉంటుంది, అది తుఫాను పరిమాణం కాదు, కేంద్రం ఎక్కడెక్కడ ఉండవచ్చో చూపే హద్దు. ఇటీవలి సంవత్సరాల్లో ఒక రోజు ముందు చెప్పే స్థానంలో సగటు తేడా వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది. సముద్రం మీద అది గొప్ప ఖచ్చితత్వం. కానీ మనకూ సముద్రానికీ మధ్య దూరమే ఎనభై, తొంభై కిలోమీటర్లు. గీత మా ఊరి మీదుగా పోలేదని నిశ్చింతగా పడుకోవడానికి ఆ పటం ఆధారం కాదు.

ఆ గీతలో మనం చూడవలసినది వేరే ఉంది. గాలికి వీపు చూపి నిలబడితే అల్పపీడన కేంద్రం మీ ఎడమ చేతివైపు ఉంటుందన్నది భూమధ్యరేఖకు ఉత్తరాన ఎక్కడైనా వర్తించే పాత నియమం. తిరుపతిలో ఉత్తరపు గాలి వీస్తుంటే, దానికి వీపు చూపితే ఎడమ చెయ్యి తూర్పుకు ఉంటుంది, అంటే కేంద్రం ఇంకా సముద్రంలో ఉంది. గాలి మళ్లి తూర్పు నుంచి వీయడం మొదలుపెడితే ఎడమ చెయ్యి దక్షిణానికి వస్తుంది, కేంద్రం చెన్నై, పుదుచ్చేరి వైపు దాటుతోందన్నమాట. అప్పుడే మనం జాగ్రత్త పడాలి. కేంద్రం మనకు దక్షిణాన ఉన్నంతసేపూ తూర్పు గాలి బంగాళాఖాతపు తేమను నేరుగా మోసుకొచ్చి మన కొండలకేసి కొడుతుంది. 2020 నవంబరులో పుదుచ్చేరి దగ్గర దాటిన నివర్, 2022 డిసెంబరులో మామల్లపురం దగ్గర దాటిన మాండూస్ మనకు వానలు తెచ్చింది ఈ కారణం వల్లే. అదే కేంద్రం మనకు ఉత్తరాన, కాకినాడ దగ్గరో విశాఖ దగ్గరో దాటితే, మనకు వీచేది పడమటి గాలి, నేల మీదుగా వచ్చే పొడిగాలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర దాటింది కనుక మనకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే అది అక్కడికి పోయే ముందు చెన్నై, నెల్లూరు తీరాల వెంబడి నింపాదిగా సాగింది, ఆ సమయమంతా తూర్పు మండలాలు తడిశాయి. కాబట్టి ఎక్కడ దాటిందన్నదాని కన్నా, మనకు దక్షిణానా తూర్పునా ఎంతసేపు ఉందన్నదే మనకు అసలు లెక్క.

ఆ తూర్పు గాలికి శేషాచలం అడ్డంగా నిలబడి ఉంది. తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా దాదాపు ఏడు వందల మీటర్లు. అప్పటికే తేమతో నిండిన గాలి ఆ గోడ ఎక్కాల్సి వస్తుంది, ఎక్కే కొద్దీ చల్లబడుతుంది, మోయలేని నీటిని కొండ మీదే దించేస్తుంది. సుడి లేకున్నా, గోడ కట్టిన మేఘం లేకున్నా, గాలిని పైకి లేపే పని ఇక్కడ కొండే చేసిపెడుతుంది. పది సెంటీమీటర్ల వాన అంటే చదరపు మీటరుకు వంద లీటర్లు, చదరపు కిలోమీటరుకు పది కోట్ల లీటర్లు. ఎన్నో చదరపు కిలోమీటర్ల కొండ మీద పడినది కొన్ని గంటల్లో కపిలతీర్థం, అవ్వాచారి కోన వంటి దారుల గుండా దిగువకు చేరాలి. దిగువన ఒకప్పటి వంకల మీద వీధులు, కాలవల మీద ప్రహరీలు లేచి ఉంటే, నీరు మేడమెట్లనే దారిగా ఎంచుకుంటుంది. ఇది వాతావరణ శాస్త్రం కాదు, మనం చేసుకున్నది.

బులెటిన్‌లో గాలి వేగం వాక్యం తర్వాత వచ్చే వాన వాక్యాన్ని మనవాళ్లు చదవాలని నా కోరిక. 24 గంటల్లో 6.5 సెంటీమీటర్ల దగ్గర భారీ వర్షం మొదలవుతుంది, 11.5 దాటితే అతి భారీ, 20.5 చేరితే అత్యంత భారీ. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఓడలకు, పడవలకు ఉద్దేశించినవి, మనకు అంతగా పనికిరావు. తుఫాను హెచ్చరికలో నాలుగు దశలున్నాయి. వాటిలో చివరిది, తీరం దాటడానికి కనీసం పన్నెండు గంటల ముందు వచ్చేది, లోపలి జిల్లాల కోసమే రాసేది. తీరం దాటాక ఎటు పోతుంది, ఎక్కడ వానలు పడతాయి అన్నది అందులో ఉంటుంది. కెమెరాలన్నీ సముద్రపు అలల దగ్గర ఉండే ఆ సమయంలో దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

నేల మీదికి రాగానే తుఫానుకు సముద్రపు ఆవిరి అందదు, చెట్టూ పుట్టా గాలిని ఒరుసుకుంటాయి, వేగం పడిపోతుంది. 2021 నవంబరు 19నే ఆ వాయుగుండం బలహీనపడి అల్పపీడనమైంది. పటం మీద దాని గుర్తు మారిపోయింది, ముప్పు తీరినట్టు వార్తలు చల్లబడ్డాయి. అదే ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. స్వర్ణముఖి రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ శ్రీకాళహస్తి వైపు పారింది. రెండు రోజుల తర్వాత, ఆకాశం తెరిపిచ్చాక, రామచంద్రాపురం మండలంలో నిండుకుండలా ఉన్న రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడం మొదలైంది. దిగువ పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని, గొడ్లను విప్పుకుని ఎత్తు మీదికి నడిచారు. డిసెంబరు 1న, నానిపోయిన కొండ నుంచి బండరాళ్లు జారి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద పడ్డాయి. శ్రీవారి మెట్టు దారి మళ్లీ తెరుచుకునేసరికి 2022 మే నెల వచ్చింది.